పాయ పాయకీ నూనె

గోకకూడదు, గోకకూడదు అనుకుంటూనే ఐలమ్మ వేలు కొంగు కిందికి పోయింది, చెవి వెనక ఆ ఒక్కచోటే, గోటి కొసతో ఒక్కసారే, ఎవరూ చూడట్లేదు గదా, కానీ ఒకచోట ముట్టుకుంటే తలంతా లేచి కూర్చుంటుంది ఈ పాడు దురద, గోటి సందున తెల్లటి పొట్టు, దాని వెంటే ఎర్రగా చెమ్మ, ఆల్థాన్‌లో ఆ చర్మాల దవాఖాన తెరిచి ఉంటే ఇంతదాకా వచ్చేదా, నెలనెలా పోయి ఆ నీలం లైటు కింద కూర్చుంటే, నర్సమ్మ మందు రాసి పొలుసులు మెత్తగా తీసేస్తే, మళ్లీ పోయేదాకా తల చల్లగా ఉండేది, ఇప్పుడు లాక్‌డౌన్ అని దానికీ తాళమే, డిండోలిలో బట్ట నేసే సాంచెలన్నీ ఆగిపోయి గల్లీలు మూగబోయాయి, బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం చప్పుడు లేని పగలు ఆమె ఎరగదు, ఆ చప్పుడున్నన్నాళ్లూ పనిలో పడి సగం మరిచిపోయేది, ఇప్పుడీ నిశ్శబ్దంలో దురద ఒక్కటే మేలుకుని ఉంది.

పొద్దున దిండు మీది నెత్తురు మరక కోడలి కంట పడనే పడింది, తిరగేసి దాచేలోపే సంధ్య వచ్చి ఏంది అత్తమ్మా గిది అంది, ఏం లేదు బిడ్డా, దోమ కుట్టింది అంది తను, గింత మరక దోమదా అని ఆ పిల్ల నవ్వలేదు, ఫోను తీసి డాక్టరుకే చేసింది, ఇక్కడే గుజరాత్‌లో, లింబాయత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, గుజరాతీలో గలగలా అడిగేసి, ఆయన చెప్పినవన్నీ ఇటు తిరిగి చెప్పింది, కొబ్బరినూనె గోరువెచ్చగా పెట్టి పొలుసులు నానేదాకా ఉంచాలట, పేన్ల దువ్వెనతో గీకి తీయొద్దట, మందు షాంపూ పట్టించి కాసేపాగి కడగాలట, నీళ్లు మరీ వేడివి వద్దట, తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దాలట, మళ్లీ దవాఖాన తెరిచేదాకా ఇదే దారట, నేనే చేస్కుంట తియ్ అంది ఐలమ్మ, ఎట్ల చేస్కుంటవ్, నీ నెత్తి వెనక నీకు కనబడుతదా, నేను పెడుత కూసో, అరే, శర్మాయించకు అత్తమ్మా, నా దగ్గర సిగ్గేంది అంది సంధ్య, ఎట్లా చెప్పాలి ఈ పిల్లకు, సంధ్య కాపురానికొచ్చిన నాడే ఐలమ్మ తన దువ్వెన, తన తువాలు తీసి వేరే పెట్టుకుంది, ఎవరూ అడగకముందే, కొడుకు శివకృష్ణ ఇద్దరినీ ఒకసారి చూసి చెప్పులు వేసుకుని డాబా మీదికి వెళ్లిపోయాడు, పెద్దయ్యాక వాడి ముందు కూడా ఆమె కొంగు తీసింది లేదు, వాడికి తెలుసు.

చివరికి తీసింది, కళ్లు గట్టిగా మూసుకుని తీసింది, తీయగానే సంధ్య నూనె గిన్నె కింద పెట్టి లేచి పోయింది, కుళాయి దగ్గర సబ్బు తీసుకుని చేతులు రుద్దుతోంది, వేళ్ల సందులు, మణికట్లు, రుద్దుతూనే ఉంది, నీళ్ల చప్పుడుకు పీట మీద ఐలమ్మ కళ్లు తెరిచింది, ఈ పిల్ల తల చూసింది గదా, అసహ్యం పుట్టింది, పుట్టదా మరి, చెల్లెలి పెళ్లినాడు ఎల్లవ్వ పెద్దమ్మ ఆడపిల్లలందరికీ వరసగా జడలు వేస్తూ వేస్తూ తన తల పట్టుకుని చటుక్కున వదిలేసింది, ఏమీ అనలేదు, లేచి పోయి బూడిదతో మోచేతుల దాకా తోముకుంది, సగంలో ఆగిన ఆ జడ తనే అల్లుకుంది, ఆ తర్వాత దవాఖానలో తప్ప తల ఎవరి చేతికీ ఇవ్వలేదు, కట్టుకున్న లక్ష్మీరాజం మంచోడే, పోయేదాకా ఒక్క మాట అన్నోడు కాదు, కానీ చేయి ఎప్పుడూ భుజం దాటి పైకి రాలేదు, ఐలమ్మ కొంగు మళ్లీ కప్పేసుకుంది, వద్దు బిడ్డా, నీ పని నువ్వు చూస్కో పో, దురద తగ్గింది అంది, సంధ్య తడి చేతులు గాల్లో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది, ఏమైందత్తమ్మా, జర ఆగు, పొద్దున రేషన్ లైన్ల నిలబడి వచ్చిన గద, ఎవరెవరు ముట్టిన సంచులో ఏమో, నీ నెత్తి మీద పచ్చి పుండ్లున్నయ్, నా చేతులకెళ్లి నీకేమన్న అయితే ఎట్ల అంది.

నీకేమన్న అయితే అంది, నాకా, ఈ పిల్లకు కాదా, ఐలమ్మ ఆ మాటను లోపల తిప్పి తిప్పి చూసుకుంటుంటే సంధ్య వెనక కూర్చుని కొంగు మెల్లగా పక్కకు తీసింది, పాయ విడదీసి వెచ్చటి చుక్క, ఇంకో పాయ, ఇంకో చుక్క, గోరు తగలకుండా వేలి మెత్తతో, నొస్తుందా అని అడుగుతూ, ఈడ జర ఎక్కువున్నది, ఈడ మంచిగనే ఉన్నది అని ఊరి సంగతులు చెప్పినట్టు చెబుతూ, తనకెప్పుడూ కనబడని తన తల గురించి ఇంకొకరి నోట వినడం ఎంత వింతగా ఉంది, నూనె మెడ మీదికి జారితే ఆ పిల్ల తన చున్నీ కొసతోనే అద్దింది, మాడు మీద ఏళ్లుగా బిగుసుకున్నదేదో సడలుతోంది, మెడ తనంతట తనే వెనక్కి వాలి కోడలి మోకాలి మీద ఆగింది, బరువైతుందా బిడ్డా, ఏం బరువు, ఉండనియ్ అత్తమ్మా, బయట మనిషిని చూసి మనిషి దూరం జరిగిపోతున్నాడు, ఇక్కడ కళ్లు మూసుకున్న ఐలమ్మకు ఒక్కటే తెలుస్తోంది, ఇన్నేళ్లూ తనను ముట్టుకున్నాక చేతులు కడుక్కున్నవాళ్లనే చూసింది, ముట్టుకోవడానికి ముందు కడుక్కున్నది ఈ పిల్ల ఒక్కతే.