చెల్లించని ముడుపు

మేడ్చల్‌లో ఫోటో స్టూడియో నడిపే రవీందర్‌కు యాభై నిండాయి. ఇన్నేళ్లలో ఆయన చేతిలో కెమెరాలు మారాయి, స్టూడియో గోడకు రంగులు మారాయి, నెత్తిన వెంట్రుకలు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. మారకుండా మిగిలింది ఒక్కటే, లైట్ల సంచి పక్కజేబులో ఉండే ముడుపు. పసుపు గుడ్డలో పాత రూపాయి బిళ్ళ పెట్టి కట్టింది. ఆ గుడ్డ ఒకప్పుడు పసుపు రంగులో ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

కట్టింది వాళ్లమ్మ దుర్గాబాయి. అప్పుడు వాళ్లు మేడ్చల్ పక్కనే అత్వెల్లిలో ఉండేవాళ్లు. రవీందర్ కొత్తగా పెళ్లి ఫోటోలు తీస్తున్న రోజులు. నిజామాబాద్ అవతల ఏదో ఊళ్లో పెళ్లి ఒప్పుకున్నాడు. కొడుకు అంత దూరం పోవడం అదే మొదలు, తల్లికి కాలు ఒకచోట నిలవలేదు. దేవుడి గూటి ముందు నిలబడి గుడ్డముక్కకు పసుపు పట్టించి, బిళ్ళ పెట్టి ముడేసి, "మల్లన్నా, నా కొడుకు మంచిగ పోయి మంచిగ ఇంటికి రావాలె. వచ్చినంక కొమురెల్లికొచ్చి నీ ముడుపు చెల్లిస్త" అని మొక్కింది. ముడుపన్నది ఇంట్లో దేవుడి దగ్గర ఉండాలి. ఆవిడకు అది చాలలేదు. దేవుణ్ణి కూడా కొడుకు వెంట పంపాలనుకుందేమో, తీసుకొచ్చి సంచిలో వేసింది.

"నేనేమన్న మిలిట్రీల చేరుతున్ననా అమ్మా, పెండ్లికే గద పోయేది" అని రవీందర్ నవ్వాడు.

పని ముగించుకొని వచ్చేసరికి వాకిట్లో జనం. నీళ్ల బిందె దించుతూ కూలబడిన తల్లి మళ్లీ లేవలేదట. కబురు చేద్దామంటే అప్పట్లో చేతుల్లో ఫోన్లా పాడా? భుజాన సంచితో, సంచిలో ఎవరి పెళ్లి నవ్వులో నిండిన రీళ్లతో, రవీందర్ గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. ఆ పూట ఎవరు చెప్పులు విప్పించారో, ఎవరు లోపలికి తీసుకెళ్లారో ఆయనకు ఈ రోజుకీ గుర్తులేదు.

ఏడాది తిరిగాక పెద్దలు ముడుపు చెల్లించి రమ్మన్నారు. రవీందర్ వెళ్లలేదు. మొక్కులో ఉన్న మాట "ఇంటికి రావాలె" అని. ఎదురు చూసే మనిషి లేకుండాపోయిన ఇంటికి తను వచ్చినట్టా, రానట్టా? ఈ లెక్క ఆయనకు తేలలేదు. తేలనిదాన్ని అలాగే సంచిలో పెట్టుకొని, ఆ తర్వాత ఎక్కడ పెళ్లి ఉంటే అక్కడికల్లా మోసుకెళ్లాడు. సంచులు చిరిగితే కొత్త సంచి జేబులోకి మొట్టమొదట చేరేది ముడుపే.

భార్య సుచిత్రకు ఇదంతా తెలుసు. ఆవిడ పెళ్లయిన కొత్తలో ఆల్బమ్‌లు అతికించడంతో మొదలుపెట్టి, ఇప్పుడు వీడియో కెమెరా పట్టి పెళ్లికొడుకుల్నీ పురోహితుల్నీ కూడా కసిరేంత పనిమంతురాలు అయింది. ఒకసారి ముడుపు చేతిలోకి తీసుకొని, "గుడ్డ చీకిపోయింది, బిళ్ళ బయటికి కనిపిస్తాంది. ఇంకో గుడ్డల గట్టనా?" అని అడిగింది.

"ముట్టకు. గది అమ్మ ఏసిన ముడి."

"మొక్కినంక చెల్లియ్యాలె గానీ గిట్ల దాసుకుంటరా ఎవరన్న?"

రవీందర్ ఆ పూట అన్నం సగంలో లేచాడు. మళ్లీ ఆ మాట ఇద్దరి మధ్యా రాలేదు.

మొన్న మాఘంలో షామీర్‌పేట వాళ్ల పెళ్లి ఒకటి గోవాలో పడింది. రవీందర్‌కు అది అసలు నచ్చలేదు. "ఊరి ముంగట సముద్రమంత చెరువు పెట్టుకొని గోవల పెండ్లేంది?" అని పోయేటప్పుడూ సణిగాడు, తీస్తున్నంతసేపూ సణిగాడు. ఆయన లెక్కలో పెళ్లంటే పందిట్లో తీయాలి. హాలోజన్ లైటు పట్టుకొని ఒకడు, ఆ లైటు వైరు తొక్కి పడేవాడు ఇంకొకడు ఉండాలి. ఒకసారి పెళ్లికొడుకు మేనమామ వైరుకు కాలు తగిలి, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు లైటు ఆరిపోయింది. లైటు వెలిగేదాకా వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు చేతులు అలాగే పెట్టుకొని కూర్చున్నారు. ఆ ఫోటో ఇప్పటికీ స్టూడియోలో ఉంది. ఇద్దరూ పకపకా నవ్వుతూ ఉంటారు. అలా నవ్వమని ఇప్పుడు లక్షలు పోసి గోవా తీసుకెళ్లినా నవ్వడం లేదని ఆయన ఫిర్యాదు.

బ్యాటరీ లైట్లు వచ్చాక వైర్ల పీడ పోయిన మాట మాత్రం నిజమే. తిరుగు ప్రయాణంలో ఆయన సంచిలో ఉన్నవి ఆ లైట్లు, వాటి విడి బ్యాటరీలు నాలుగు. అందులో ఒకటి లోపలి సెల్లులు మార్పించి వాడుతున్న పాతది. కెమెరాలూ, పెళ్లంతా దాచిన కార్డులూ సుచిత్ర దగ్గర ఉన్నాయి.

గోవా విమానాశ్రయంలో తనిఖీ దగ్గర సంచి మొత్తం విప్పించారు. విడి బ్యాటరీలను ఒక్కొక్కదాన్ని ఒక్కో కవరులో వేసి, చేతి సామానులోనే ఉంచుకోమన్నారు. వాటి కవర్లు ట్రేలోనే ఉన్నాయి. వెనకాల జనం తోసుకొస్తున్నారు. రవీందర్ గాభరాపడి కవర్లు ట్రేలో వదిలేసి, బ్యాటరీలన్నీ రెండు చేతులా ఎత్తి పక్కజేబులో కుక్కాడు. ముడుపు ఉన్న జేబు అది.

"అన్నీ సక్కగ పెట్టినవా?" అంది సుచిత్ర.

"పెట్టిన పెట్టిన, నడువు జల్దీ."

విమానం లేచాక రవీందర్‌కు కన్ను అంటుకుంది. మెలకువ వచ్చేసరికి ముందు సీట్లవాళ్లు ముక్కులు ఎగబీలుస్తున్నారు. ప్లాస్టిక్ మాడుతున్న వాసన. పక్కసీటు పెద్దమనిషి తీరిగ్గా, "వంట మాడుస్తున్నట్టున్నారు" అని తీర్పు చెప్పాడు. అంతలో నెత్తిమీది సామాన్ల అర సందులోంచి సన్నటి పొగ కిందికి జారింది.

విమానంలో పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది. అమూల్య అని ఛాతీ మీద పేరు ఉంది. అర తలుపు మీద చేతి వెనకభాగం ఆనించి చూసి, వెంటనే వెనక్కి తీసుకొని, తన వాళ్లను కేకేసింది. ఆ వరుసల్లో వాళ్లందరినీ లేపి దూరంగా పంపింది. "ఈ సంచి ఎవరిది?" అని హిందీలో, ఇంగ్లీషులో, చివరికి తెలుగులో అడిగింది.

"నాదే!" అని రవీందర్ ఎగిరి లేచాడు. లేవడం లేవడమే అర వైపు చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి సర్! వెనక్కి జరగండి. లోపల ఏమున్నాయి?"

"అండ్ల మా అమ్మ ముడుపుంది."

అమూల్యకు అర్థం కాలేదు. సుచిత్ర భర్త చొక్కా వెనకనుంచి గట్టిగా పట్టుకొని, "బ్యాటరీలున్నయమ్మా. నాలుగు. లైట్లయి. కుడిపక్క జేబుల" అంది.

అంతే, అమూల్య చేయాల్సింది ఖాయమైపోయింది. ఆవిడ తోటివాడు మంటలార్పే సిలిండరు పట్టుకొని నిలబడ్డాడు. తలుపు కొంచెమే తీశారు. లోపల సంచి పక్కజేబు నల్లగా ముడుచుకుపోయి బుసబుసా పొగ కక్కుతోంది. చిన్న మంట ఒకటి నాలుక చాపింది. సిలిండరుతో మంట ఆర్పారు గానీ, బ్యాటరీ కడుపులో వేడి అలా చల్లారదు. తడవకపోతే పక్కనున్నదాన్నీ, దాని పక్కదాన్నీ రాజేస్తుంది. దాన్ని బయటికి లాగకూడదు, పైన దుప్పట్లు కప్పకూడదు, నీళ్లు పోస్తూనే ఉండాలి. అమూల్య సీసా మూత తిప్పింది.

"ఒక్క నిమిషం బిడ్డా! నేను తీసుకుంట. చెయ్యి కాల్తే కాలనియ్యి, నీళ్లు వొయ్యకు. గుడ్డ చీకిపోయి ఉన్నది, ముడి ఊడిపోతది" అని రవీందర్ ఏడుపు గొంతుతో అడ్డం పడ్డాడు. యాభై ఏళ్ల మనిషి, బట్టతల మీద చెమట, చెయ్యి చాచి అలా నిలబడితే చూసేవాళ్లకు పిచ్చివాడిలాగే ఉంటాడు. ఆయనకు మాత్రం ఆ పొగలో కాలుతున్నది సంచి కాదు. పసుపు అంటిన తల్లి వేళ్లు కనిపిస్తున్నాయి.

"అది పేలితే మీ చెయ్యి ఒక్కటే పోదండి" అంది అమూల్య. అరవలేదు. గొంతు కొంచెం వణికింది. ఎంత తర్ఫీదు పొందినా నిండా పాతికేళ్లు లేని పిల్ల.

రవీందర్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక వరుసల్లో ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడ్డ జనం. అందులో ఒక ముసలామె కళ్లు మూసుకొని, చేతులు జోడించి, పెదవులు కదుపుతోంది. ఎవరి కోసం మొక్కుతోందో ఏమో. ఆమె పక్కన కొడుకు వయసు మనిషి ఒకడు ఆమెను పొదివి పట్టుకొని ఉన్నాడు.

రవీందర్ చెయ్యి దించాడు. తన సీటు జేబులోని నీళ్ల సీసా తీసి అమూల్య చేతిలో పెట్టి, "ఇగో, ఇది గూడ పొయ్యి" అన్నాడు.

పోశారు. సీసాలు అయిపోతే భోజనాల బండి మీది పండ్ల రసాలు కూడా పోశారు. పొగ తగ్గి, వేడి తగ్గి, అప్పటికి గానీ ఆ సంచిని కదపలేదు. నీళ్లు నింపిన పెట్టెలో ముంచి వెనక్కి తీసుకెళ్లారు. శంషాబాద్‌లో దిగేదాకా అమూల్య దాని మీదినుంచి చూపు తిప్పలేదు. సుచిత్ర భర్త చెయ్యి వదలలేదు.

దిగాక వాళ్లిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి వివరాలు అడిగారు. అధికారి సంచి జేబు చీల్చి చూపించాడు. గుడ్డ బూడిదై నీళ్లలో కలిసిపోయింది. పాత బ్యాటరీ కొసల మీద అడ్డంగా, అతికించినట్టు, రూపాయి బిళ్ళ ఉంది.

"ఇదండీ కారణం. ప్లస్సూ మైనసూ రెండు కొసల్నీ కలిపేసి షార్ట్ చేసింది."

రవీందర్ తల వంచుకున్నాడు. మంచిగ ఇంటికి రావాలని కట్టిన బిళ్ళే విమానాన్ని తగలబెట్టబోయింది. ఇంత మాట అమ్మ వింటే ఏమైపోయేది? ఆయనకు దుఃఖం ఆగలేదు. అధికారుల ముందే వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అత్తమ్మ తప్పేమున్నది అండ్ల" అంది సుచిత్ర, ఆయన వీపు నిమురుతూ. "ఆమె నాలుగొద్దుల కోసం కట్టింది. గా గుడ్డ ఇన్నేండ్లు ఆగుతదా? మనమే ఆమెను ఇడిసిపెట్టలే. ఆమెకు గూడ తిప్పలే పెట్టినం."

రవీందర్‌కు కోపం రావాల్సిన మాట. రాలేదు. ఇన్నాళ్లూ తను అమ్మను కాపాడుకుంటున్నాననుకున్నాడు. ఆవిడను అదే గుమ్మంలో, అదే ఎదురుచూపులో నిలబెట్టి ఉంచాడని ఎప్పుడూ తోచలేదు.

వాళ్ల పని ముగిశాక బిళ్ళను అడిగితే ఇచ్చారు. నల్లగా కమిలిపోయి ఉంది. ఆ ఆదివారమే సుచిత్ర కొత్త గుడ్డకు పసుపు పట్టించి ఇచ్చింది. రవీందరే బిళ్ళ పెట్టి ముడేశాడు. ఇద్దరూ స్కూటర్ మీద షామీర్‌పేట మీదుగా కొమురవెల్లి బయలుదేరారు. ఒకప్పుడు ఆ దారి పొడుగునా ద్రాక్షతోటలే. కొత్త జంటల్ని ఆ పందిళ్ల కింద నిలబెట్టి ఫోటోలు తీసేవాడు. తోట కాపలాదారు మనిషికో గుత్తి కోసిచ్చేవాడు, అమ్మ కోసం ఒక గుత్తి రుమాల్లో మూటగట్టుకొని ఇంటికి తెచ్చేవాడు. ఇప్పుడు అక్కడ ప్లాట్ల హద్దురాళ్లు, రంగుల కమాన్లు. రవీందర్ బండి నెమ్మది చేసి ఒక్కో తోట పేరూ, యజమాని పేరూ చెబుతూ పోయాడు. వెనక సుచిత్ర ఊకొడుతూ వచ్చింది. అమ్మ గురించి ఆయన అంతసేపు మాట్లాడటం ఆవిడ వినడం అదే మొదటిసారి.

గుళ్లో జనం బాగా ఉన్నారు. వరుస కదిలి కదిలి వాళ్ల వంతు వచ్చింది. నుదుట బండారు పసుపు పెట్టి, పూజారి ముడుపు అందుకున్నాడు.

"ఎవరి మొక్కు ఇది?"

"మా అమ్మది. దుర్గాబాయి. మొక్కినామె ఇప్పుడు లేదు."

"ఏమని మొక్కింది?"

"కొడుకు మంచిగ ఇంటికి రావాలని."

పూజారి ముడుపును మల్లన్న ముందుకు చాచి, అందరినీ అడిగినట్టే మామూలుగా అడిగాడు. "మరి వచ్చిండా కొడుకు?"

వెనక వరుసలో వాళ్లు తొందరపడుతున్నారు. సుచిత్ర ఆయన వైపు చూసింది గానీ తాను మాత్రం చెప్పలేదు.

"వచ్చిన" అన్నాడు రవీందర్. పూజారికి వినబడలేదేమోనని మళ్లీ, ఈసారి గట్టిగా, అన్నాడు. "వచ్చినమ్మా."