కుర్చీ మీఁది కోటు

గ్రీష్మర్తువు ముదిరి చండకిరణుండు నడిమింట నిలిచి గాజుగోడల నగరము నంతయు నిప్పుపెనముగాఁ జేసి వేఁచుచుండ హైదరాబాదునందలి యొకానొక కంపెనీ మూఁడవ యంతస్తున మాత్రము ఏసీల దయవలన హేమంతము కాఁపురముండెను. ఆ హేమంతమునకుఁ బ్రభువు వైకుంఠరావను మేనేజరు. ఇంటినుండి పని చేయు వాడుక యిఁకఁ జెల్లదనియు నుద్యోగు లెల్లరు ప్రతిదినము తమ తమ కుర్చీలందుఁ గూర్చుండవలయు ననియు శాసించి యా శాసనమును నోరులేనివారిపై మాత్రమే నడపు మహానుభావుఁడు.

వాని బావమఱఁది ప్రద్యుమ్నుఁడును అచటి యుద్యోగియే. ఆ యుద్యోగిశిఖామణి ఊటీలోఁ జల్లగాలి నారగించుచుండ నిచట వాని నీలపుఁ గోటు కుర్చీ వీఁపునకు వ్రేలాడుచు నుద్యోగము చేయుచుండెను. బస్సు కిటికీలోఁ గండువా విసరి సీటు పట్టినట్లు ఆ కోటే హాజరు. ప్రతి యుదయమున వాని కార్డును తలుపు కడనున్న హాజరుయంత్రమునకుఁ దాఁకించువాఁడు స్వయముగా బావగారే. ఆ యంతస్తువారిలో నెఱుఁగని వారు లేరు. అడిగిన వారును లేరు.

పక్షవాతమునఁ బడిన భర్తకు ముద్ద మింగించుటకుఁ దన చేయి తప్ప దిక్కులేని మందాకిని యను నుద్యోగిని నాఁడు మరల వైకుంఠరావు నెదుటఁ జేతులు జోడించెను.

“నిన్న పక్కింటావిడ తినిపిస్తే పొలమారి ఊపిరాడలేదు సార్. నన్ను ఇంటి నుంచి పని చేసుకోనివ్వండి.”

“రూలంటే రూలేనమ్మా. అందరికీ ఒక్కటే,” అని యా సిగ్గుమాలినవాఁడు ఆ కోటుమీఁదనే చేయి యానించి పలికెను.

అంతలోఁ గ్రింది యంతస్తున విద్యుత్తీఁగ లంటుకొని నల్లని పొగ మెట్లవెంటఁ బైకెగఁబ్రాఁకెను. జనులెల్లరు ఒకరినొకరు ద్రోసికొనుచు దిగి మండుటెండలో నిలువఁగా నీ గుట్టెఱుఁగని క్రిందివాకిటి కావలివాఁడు ఎల్లేశము హాజరుయంత్రమును జూచి బెదరి మేనేజరు కడకుఁ బరుగిడి వచ్చెను.

“ప్రద్యుమ్న సారు లోపట్నే ఉన్నట్టు సూపిస్తున్నది సారూ! పైన్నే ఉండిపోయిండా?”

రాలేదను నొక్క మాట చాలియుండెడిది. ఆ మాట యనిన దొంగహాజరు బయటఁబడును గాన వైకుంఠరావు రుమాలుతో ముఖము తుడుచుకొనుచు మిన్నకుండెను. చుట్టు నిలిచినవా రందఱును దమ యుద్యోగములఁ దలఁచుకొని తలలు వంచికొనిరి. ఛీ, ఏమి బ్రదుకులు! ఎల్లేశము మొగమునకుఁ దువాలు చుట్టుకొని పొగలోనికి దూఁకెను. దూరమున నింటికి ఫోను చేయుచుండిన మందాకిని సంగతి యెఱిఁగి “ఎల్లేశం, ఆగు! ఆయన రాలేదు!” అని కేకలిడుచుఁ బరుగెత్తెను గాని వాఁడప్పటికే కనుమఱుగయ్యెను.

కొంతసేపటికి మసిబాఱిన మొగముతో దగ్గుచుఁ దూలుచు వెలువడిన యెల్లేశము భుజమున నీలపుఁ గోటుండెను.

“సారు దొర్కలె… కోటొక్కటే దొర్కింది,” అని వాఁడు మెట్లపైఁ గూలెను.

అంబులెన్సువారు వచ్చి వాని మొగమునకుఁ బ్రాణవాయువు తొడుగును దగిలింప వాఁడు కన్నులు విప్పువఱకు మందాకిని వాని చేయి విడువలేదు. పిదప లేచి యా కోటును వైకుంఠరావు చేతులలో నుంచెను.

“ఇదిగోండి సార్, మీ బావమరిది. క్షేమంగా బయటికొచ్చాడు. రూలు అందరికీ ఒక్కటే కదా, రేపటి నుంచి నా కుర్చీకీ ఒక చున్నీ కట్టిపోతాను. ఇప్పుడు మా ఆయనకి అన్నం పెట్టాలి.”

ఆమె వెనుదిరిగి చూడక యేఁగెను. ఎల్లేశమును గొనిపోయిన అంబులెన్సు మోఁత దూరమున నడఁగిపోయినను, నియమమును బలహీనుల మెడకుఁ గట్టిన యా పెద్దమనిషి పొగకంపు కొట్టు కోటును జేతఁ బట్టుకొని యెక్కడఁ బెట్టవలయునో యెఱుఁగక యెండలో నట్లే నిలిచియుండెను.