ఒకరోజు ముందొచ్చిన ఇసుక

శుక్రవారం సాయంత్రం నాలుగు. మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టర్ లోసానో అనుమతి కాగితాన్ని రెండుసార్లు చదివి ఎవుదోసియా చేతికిచ్చాడు.

"సెన్యోరా, వీధి వాడుకోడానికి శనివారం ఒక్కరోజే రాసుంది. ఇవాళ ఏ వారం?"

"శుక్రవారమే బాబూ. ముందురోజు ఇసుక దిగకపోతే రేపు పొద్దున్నే గదికి స్లాబ్ ఎలా పోస్తాం?"

"ఆ మాట దరఖాస్తులో రాయాల్సింది. ఐదున్నరకి మళ్ళీ వస్తా. వీధిలో ఈ ఇసుక కుప్ప కనబడితే అనుమతి రద్దు. కొత్తదానికి మూడు వారాలు."

మూడు వారాలంటే అయకూచోలో వానలు మొదలైపోతాయి. చెల్లెలు నీల్దా ఆసుపత్రి నుంచి వచ్చి కారే రేకుల కింద పడుకుంటోంది. ఇంకో తడి వానాకాలాన్ని ఆ ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరు తేల్చి చెప్పాడు.

మేస్త్రీ అననియాస్ తల గోక్కున్నాడు. "టిప్పర్ వెళ్ళిపోయింది. ఇంట్లో చూస్తే సెంట్రింగ్ కర్రలే. కుప్పని నెత్తిన పెట్టుకోమంటాడా?"

ఎవుదోసియా బేసిన్ నిండా ఇసుక ఎత్తి పక్కింటి తలుపు తట్టింది.

"గుమెర్సిందా, ఇది రేపటిదాకా దాచిపెడతావా?"

"ఓసి నీ దుంపతెగ! జనం నగలు దాచమంటారు, నువ్వు ఇసుకా?" అంటూనే గుమెర్సిందా బకెట్టు పట్టుకుని బయటికొచ్చి, వీధంతా వినబడేలా కేకేసింది.

పది నిమిషాల్లో వీధి కదిలింది. బకెట్లు, తట్టలు, బట్టలుతికే తొట్లు. ఐదింటికల్లా చిన్న చిన్న పెరళ్ళన్నీ నిండిపోయాయి. కుప్ప ఇంకా సగముంది. దాని వెనక, అది అడ్డుపడ్డ తన గేటు ముందు, ముసలి అబీలియో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మునిసిపాలిటీకి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పింది ఆయనేనని అందరికీ తెలుసు.

అప్పుడు నీల్దా ఖాళీ సూపు గిన్నెతో వచ్చింది. ఇసుక ముంచి రెండడుగులు వేసి, దగ్గుతో వంగిపోయింది. గిన్నె కింద పడకుండా పట్టుకున్నవాడు అబీలియో.

"నీకేం పని ఇక్కడ, పిచ్చిపిల్లా?"

"ఆ గది నాకోసమే తాతా. అందరూ మోస్తుంటే నేనెలా పడుకోను?"

ముసలాయన గిన్నెలోని ఇసుక వంక చూశాడు. "అద్దెకివ్వడానికి కడుతున్నారనుకున్నా," అన్నాడు. తర్వాత గేటు బార్లా తీసి అరిచాడు. "అననియాస్! చూస్తావేం, తట్ట పట్టు!"

ఐదున్నరకి లోసానో వచ్చాడు. వీధి ఊడ్చి ఉంది. ఇసుక చార మాత్రం అబీలియో గేటు కింద నుంచి లోపలికి పోయింది.

"ఫిర్యాదు మీదే కదా?" అని అబీలియోని అడిగాడు.

"నాదే. ఇప్పుడు నా దారికి ఏ అడ్డూ లేదు."

లోసానో అనుమతి కాగితం మీద సంతకం గీకి వెళ్ళిపోయాడు.

ఎవుదోసియా గేటు దగ్గరికొచ్చింది. "రేపు స్లాబ్ పూర్తయ్యాక ఆనవాయితీ ప్రకారం గది మూలన చిచా కల్లు సీసా పగలగొట్టడానికి పెద్దమనిషి కావాలి, దోన్ అబీలియో."

"నన్నా? నీ మీద ఫిర్యాదు చేసినవాణ్ణా?"

"సగం ఇసుక మీ దగ్గరే ఉంది. మిమ్మల్ని కాక ఇంకెవర్ని అడగను?"

అబీలియో కళ్ళు తుడుచుకున్నాడు. "దుమ్ము," అన్నాడు.