గుడ్డ బరువు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున మబ్బు కమ్ముకొచ్చి, నాలుగు చినుకులు రాల్చి, మనసు మార్చుకున్నట్టు పలచబడింది. కిటికీలోంచి వచ్చే ఆ మసక వెలుతురులో తూకమమ్మ అరచేతులు రెండూ రుద్దుకుని తూకం పళ్ళేన్ని వెచ్చబెడుతోంది. ఇనుము చల్లగా తగిలితే బిడ్డ ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే కదులుతుంది. కదిలితే ముల్లు నిలవదు.

కాన్పుల ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని అది. నేల తుడవడం, గుడ్డలు ఉతకడం కూడా ఉన్నాయి గానీ అందరూ పిలిచేది తూకమమ్మ అనే. పొట్టిమనిషి. నడుం కాస్త వంగింది. మాట పొదుపు. బిడ్డను చేతుల్లోకి తీసుకుంటే మాత్రం ఆ వేళ్ళకు ఎక్కడలేని ఒడుపు వస్తుంది. బొటనవేలు మెడ కిందికి తనంతట తానే పోతుంది.

బిడ్డను గుడ్డలో చుట్టి తూస్తుంది. గుడ్డ బరువు తీసేసి నర్సమ్మకు చెబుతుంది. నర్సమ్మ చార్టులో రాసుకుంటుంది. తల్లికి చెప్పేటప్పుడు, బిడ్డ మరీ చిన్నదైతే, గుడ్డ బరువు తీయదు. యాభై గ్రాములు. దానికే తల్లి మొహం ఎలా విప్పారుతుందో ఆమె రోజూ చూస్తూనే ఉంది.

తన కొడుకును తూచినవాడు "ఇదేం బిడ్డమ్మా, పిల్లికూనలా ఉంది!" అని వార్డంతా వినబడేట్టు అరిచాడు. ఆ మాటకు మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పిల్లికూన ఇప్పుడు సిమెంటు లారీ తోలుతున్నాడు. వాడు కూర్చుంటే కుర్చీ మొరపెట్టుకుంటుంది. చిన్నబిడ్డలు పెరుగుతారనీ, తల్లి బెదరకపోతే చాలనీ అప్పటినుంచి ఆమె నమ్మకం.

చివరి మంచం మీది అమ్మాయి బట్టల కార్ఖానాలో మిషను కుడుతుంది. వార్డుకంతా కుట్టుపిల్ల. నెలలు నిండే కన్నది. అయినా బిడ్డ పదిహేడు వందల గ్రాములు కూడా లేకుండా పుట్టింది. నాలుగు గుక్కలు తాగి నిద్రపోతుంది. ఊరికే వణుకుతుంది. డాక్టరమ్మకు కారణం అంతుపట్టలేదు. "ఏమైనా తాగేదానివా అమ్మా, సిగరెట్టో, గంజాయో?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ కుట్టుపిల్ల లేదంది.

ఇంటినుంచి తెచ్చుకున్న దుప్పటి ఉతికినప్పుడే తూకమమ్మకు తెలిసింది. గంజాయి తాగే రంపపు మిల్లు మనిషితో, వాడు పోయేదాకా, పద్దెనిమిదేళ్ళు కాపురం చేసినామెకు ఆ వాసన ఒకరు చెప్పాలా? రెండోసారి సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. ఎవరితోనూ అనలేదు.

"ఎంతుంది తూకమమ్మా?" కుట్టుపిల్ల మంచం దిగి వచ్చి అడిగింది.

ముల్లు పద్దెనిమిది వందల పది దగ్గర నిలిచింది. గుడ్డతో.

"పద్దెనిమిది వందల పది."

పద్దెనిమిది వందలు దాటితే ఇంటికి పంపుతారని గోడ మీద రాసుంది. ఆ సంగతి తూకమమ్మ బుర్రకు తట్టేసరికి ఆలస్యమైంది. నేల తుడిచే కర్రతో వార్డులోకి వచ్చి చూస్తే, పిల్ల సంచి సర్దేసి, మొగుడికి ఫోను కూడా చేసేసింది.

పది గంటలకు డాక్టరమ్మ వచ్చింది. "ఎక్కడికమ్మా ప్రయాణం?"

"ఇంటికండీ. పద్దెనిమిది వందలు దాటింది కదా."

డాక్టరమ్మ చార్టు చూసింది. "పదిహేడు వందల అరవై. ఎవరు చెప్పారు నీకు?"

పిల్ల తూకమమ్మ వైపు ఒక్కసారి చూసి చూపు దించుకుంది. "నేనే అనుకున్నానండీ... అయినా పోతాను. సంతకం పెట్టమంటే పెడతా."

"పాలు సరిగా తాగడం లేదు. ఒళ్ళు చల్లబడిపోతోంది. ఇంట్లో ఏమన్నా అయితే?"

"పోతానండీ."

తూకమమ్మ కర్రను గోడకు ఆనించింది.

"నేనే చెప్పానమ్మా. గుడ్డతో కలిపి చెప్పాను."

"అదేంటి?" అంది నర్సమ్మ.

"ఈ పిల్లకే కాదు. చిన్నబిడ్డల తల్లులందరికీ. ఇన్నేళ్ళుగా."

"నీకేం పుట్టింది తూకమమ్మా! బిడ్డ బాగుందనుకుని రాత్రిపూట లేపి పాలు పట్టకపోతే? ఎందరు అలా నిశ్చింతగా పడుకున్నారో!" అంది నర్సమ్మే.

అది తూకమమ్మ ఎప్పుడూ ఆలోచించనిది. మొహం నల్లబడింది. కుట్టుపిల్ల దగ్గరికి వెళ్ళి మెల్లగా అంది: "నీ దుప్పటి రెండుసార్లు ఉతికానమ్మాయ్. చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం."

పిల్ల సంచి పట్టుకునే మంచం మీద కూలబడింది. డాక్టరమ్మతో నోరు విప్పింది.

"నెల తప్పినప్పటినుంచీ వాంతులండీ. మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. నాలుగు రోజులు పని మానేస్తే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా ఆయన తాగేదే రెండు దమ్ములు లాగాను. వాంతి ఆగింది. ఆకే కదా, మాత్రలకన్నా నయమనుకున్నా. ఆ తర్వాత రోజూ... చెబితే బిడ్డను లాక్కుంటారని..."

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. "లాక్కోవడానికి అడగలేదమ్మా, చూసుకోవడానికి అడిగాను. నువ్వు పీల్చింది బిడ్డకూ పోతుంది. చిన్నగా పుట్టడానికి అదొక కారణం కావచ్చు, అదొక్కటేనని నేననలేను. వాంతులకు మందులున్నాయి, వచ్చుంటే ఇచ్చేదాన్ని."

"నా పాలు పట్టొచ్చా?"

"అది పాలలోకీ వస్తుంది. మానేసి పట్టు. నిద్రపట్టకపోయినా, చిరాకెత్తినా నాకు చెప్పు. ఇంకో వారం ఇక్కడే ఉండు."

పిల్ల సంచి విప్పింది.

మధ్యాహ్నం టైర్ల కొట్టు నుంచి మొగుడొచ్చాడు. అంతా విని మెడ వెనక గోక్కున్నాడు. "పోన్లే, నేను బయటే తాగుతాలే."

"పొగ పట్టిన ఆ చొక్కా కూడా బయటే విప్పి వస్తావా నాయనా?" అంది తూకమమ్మ.

పక్క మంచం ఆవిడ కిసుక్కుమంది. అతను నవ్వలేదు, కోప్పడలేదు. బిడ్డ పాదం ఒకసారి ముట్టుకుని, తెచ్చిన రొట్టెల పొట్లం బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పెద్ద నర్సు పిలిపించింది. రేపటినుంచి తూకానికి కొత్తమ్మాయి. తూకమమ్మకు ఉతికే గది.

"సరేనమ్మా." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "పళ్ళెం కాస్త వెచ్చబెట్టమని చెప్పండి ఆ అమ్మాయికి."

ఇంటికి పోవడానికి వార్డులోంచి వెళుతుంటే కుట్టుపిల్ల కాలితో ముక్కాలిపీట ముందుకు జరిపింది. పొట్లం విప్పి సగం రొట్టెలు ఇటు తోసింది. తూకమమ్మ కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. మధ్యలో బిడ్డ కదిలితే పిల్ల ఒడిలోకి తీసుకుంది; బిడ్డ తాగుతున్నంతసేపూ తూకమమ్మ రొట్టె తుంపి ఆమె నోటికి అందించింది.

తూకం గది కిటికీలో, బిడ్డల ఒంటికి గీసుకుంటుందని పొద్దున తూకమమ్మ విప్పిపెట్టిన చేతిగడియారం అలాగే ఉండిపోయింది. తోలుపట్టీ ఇంకా ఆమె మణికట్టు చుట్టూ ఉన్నట్టే గుండ్రంగా వంగి ఉంది.