గీకకుండా వేసిన రంగు

గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. కోడలు భర్త దిండు గలీబు ఊడదీసి, అలవాటు ప్రకారం కిటికీ వెలుగులో పెట్టి చూసింది. తుప్పు మరక లేదు. తిరగేసి చూసింది. అటువైపూ లేదు. తెల్లటి గలీబు తెల్లగానే ఉంది.

ఆమె మంచం అంచున కూర్చుండిపోయింది. రెండేళ్ళుగా రోజూ లేవగానే ఆ గలీబు ఉతకడం, సబ్బు నురగ ఇటుకపొడి రంగుకు తిరగడం చూడటం, ఎవరి కంటా పడకుండా వెనకవైపు తీగ మీద ఆరేయడం ఆమె పని. ఇవాళ ఆ పని లేకపోయేసరికి చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు.

ఆమె భర్త వెల్డరు. గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల పక్క రెయిలింగులు చేస్తాడు. అతనికి తుప్పు పట్టింది. అతను చేసే ఇనుముకి కాదు, అతనికే. మెడ వెనక మొదలై, భుజాల మీదుగా నడుం దాకా పాకింది. కుర్చీలోంచి లేస్తే ఎర్రటి పొడి రాలేది. వీధిలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. ఒకరికి మోకాళ్ళు పట్టేస్తాయి, ఒకరికి చూపు తగ్గుతుంది, ఇతనికి తుప్పు పట్టింది. ఎదురింటి టైలరమ్మ మాత్రం నోరూరుకోక, "అబ్బాయిని వానలో బయట వదలకండి పిన్నిగారూ" అనేది. "ముందు నీ నోటికో గొళ్ళెం కావాలి, మావాడిచేత చేయిస్తానుండు" అనేది అత్తగారు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

అత్తగారు భక్తురాలు. తెల్లారకముందే లేచి, గోడవైపు తిరిగి కూర్చుని, తనవాళ్ళందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించేది. పుట్టని మనవణ్ణి కూడా అప్పగించేది. పేరు లేదు గనక, చిట్టచివర "ఆ రావలసినవాడు" అనేది. పక్కగదిలో కోడలికి ఆ మాట రోజూ వినబడేది.

పెళ్ళయిన ఎనిమిదేళ్ళ దాకా ఆ రావలసినవాడి కోసం డాక్టర్ల చుట్టూ తిరిగింది కోడలొక్కతే. సూదులు తనకే, మందులు తనకే, కత్తెర పడిందీ తన ఒంటికే. అతనికి పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మనిషి దుక్కలా ఉండేవాడు, వీపు నున్నగా మెరిసేది.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం అతను నడుం పట్టేసి వంగలేకపోతే ఆమె వీపు రుద్దింది. వేణ్ణీళ్ళకి వీపు మీద పెచ్చు లేచింది. గోటితో తీస్తే, పాత గేటు మీద రంగు ఊడినట్టు, వెండిరంగు రేకులు రేకులుగా ఊడి వచ్చింది. దాని కింద అంతా తుప్పే.

"ఎప్పట్నించి?" అంది ఆమె.

"పెళ్ళి కుదిరిన నెలలో మెడ మీద చూసుకున్నాను. చేతిలో రంగు డబ్బా ఉంది. వేసేశాను. పాకిన కొద్దీ వేస్తూ వచ్చాను." వెనక్కి తిరగకుండానే అన్నాడు. "తుప్పు గీకకుండా రంగు వెయ్యకూడదని వచ్చినవాళ్ళందరికీ చెప్తాను. ఈ ఒక్క గేటుకి మాత్రం గీకకుండా వేశాను."

ఆమె కిరసనాయిలు గుడ్డతో, గరుకైన ఎమరీ పేపరుతో ఆ రంగంతా తీసింది. రెండు భుజాల మధ్య అరచేయంత మేర మాత్రం గీకుతుంటే రక్తం వచ్చింది. అక్కడ వదిలేసింది. మర్నాడు గలీబు మీద మరక చూసి అత్తగారు కంగారుపడితే, "ఈమధ్యే పట్టినట్టుంది అత్తయ్యా" అంది. అతను తల వంచుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

అప్పుడు మొదటిసారి అతన్ని తీసుకెళ్ళి పరీక్ష చేయించారు. డాక్టరమ్మ కాగితం చూసి, అతని మెడ చూసి, కళ్ళజోడు తీసింది.

"పైన కనబడేదే లోపలా జరుగుతోంది. ఆక్సిజన్ ఇనుముని తిన్నట్టే ఒంట్లోనూ ఒక తినడం ఉంటుంది. వీర్యకణాలు సున్నితం, త్వరగా దెబ్బతింటాయి. ఈయనకి ఉన్నవి తక్కువ, ఉన్నవాటిలో కదిలేవి ఇంకా తక్కువ. ఆ తినడాన్ని నెమ్మదింపజేసే గుణం కొన్ని గింజల్లో ఉందంటారు. బాదం పాలు పట్టి చూడండి. సిగరెట్టు మానాలి, మంట దగ్గర నిలబడటం తగ్గించాలి. దీని మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, నేను మాట ఇవ్వను."

"మాట దేవుడిస్తాడు లెండి. గింజలెన్నో మీరు చెప్పండి" అంది అత్తగారు.

అతను సిగరెట్టు మానేశాడు. మంట పని భాగస్వామికి వదిలి, తను కొలతలూ బిగింపులూ చూసుకున్నాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ పాల పని పంచుకున్నారు. రాత్రి నానబెట్టిన గింజల్ని పొద్దున వేళ్ళ మధ్య నొక్కితే తొక్క జారి, గింజ ఎగిరి స్టవ్వు కింద పడేది. "అచ్చం నీ మొగుడే. పట్టుకుంటే ఆగడు" అనేది అత్తగారు. కోడలు మిక్సీలో వేసి తిప్పేది, అత్తగారు పల్చటి గుడ్డలో పోసి పిండేది. ముసలి చేతులు వణికినా ఆఖరి చుక్క దాకా పిండేది. చక్కెర లేకుండా, కాచకుండా, గాజు గ్లాసుడు పాలు అతనికిచ్చేవాళ్ళు. కోడలు ఏనాడూ అందులోంచి చుక్క కూడా రుచి చూడలేదు. అది మందు, అతనిది.

మరక నెలనెలా పల్చబడింది. ఇటుక రంగు నుంచి చెక్క రంగుకి, చెక్క రంగు నుంచి టీ ఒలికినంతకి వచ్చింది.

అంతలో పోయిన చలికాలం డాక్టరమ్మ కోడలి కాగితాలు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "నీ వైపు గడువు అయిపోయిందమ్మా. కొందరికి నెలసరి తొందరగా ఆగిపోతుంది. ఎవరి తప్పూ కాదు."

బస్సులో అత్తగారు కోడలి చేతిసంచి తన ఒళ్ళో పెట్టుకుని ఇంటిదాకా వదల్లేదు. ఆ రాత్రి కూడా బాదం గింజలు నానబెట్టారు. ఇంకా ఎందుకని ఎవరూ అడగలేదు. అతని వీపు బాగవుతోంది కదా. తెల్లారి ప్రార్థనలో "ఆ రావలసినవాడు" అన్న మాట అలాగే ఉంది.

ఈ గురువారం తెల్ల గలీబు పట్టుకెళ్ళి కోడలు అత్తగారి చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని గుండెకి హత్తుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఇద్దరూ వంటింట్లో ఎప్పటిలాగే గింజల తొక్కలు తీస్తూ కూర్చున్నారు.

"అమ్మాయ్, ఒక మాట అంటాను, నొచ్చుకోకు."

"చెప్పండి అత్తయ్యా."

"టైలరమ్మ చెల్లెలు ఉంది కదా, మొగుడు పోయిన పిల్ల. నెమ్మదస్తురాలు. వయసుంది." గింజ చేతిలోంచి జారితే వంగి తీసింది. "వాడికి ఇప్పుడు బాగైంది. నువ్వెక్కడికీ పోవు. ఈ ఇంటికి పెద్దదానివి నువ్వే. నా గది నీకిస్తాను, నేను ఇక్కడ వంటింట్లో పడుకుంటాను."

"ఫ్రిజ్ చప్పుడుకి మీకు నిద్రపట్టదు."

"వాడి తుప్పు మొన్నటిది. అంతకుముందు ఎనిమిదేళ్ళు వాడికేం లేదు. లోపం ఎటుందో నేనెప్పుడైనా నోరు తెరిచి అన్నానా?"

"అనలేదు అత్తయ్యా."

ఒక్క మాట చెబితే చాలు. కోడలు మిక్సీ తిప్పింది.

కిటికీ అవతల కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్న వెల్డరు అంతా విన్నాడు. లోపలికొచ్చి గ్లాసు అందుకుని, పాల వంక చూసి, తాగకుండా బల్ల మీద పెట్టి పనికెళ్ళిపోయాడు.

ఆ రోజు షాపుకి ఒక పాత గేటు వచ్చింది. "పైపైన రంగు కొట్టెయ్యి, రేపు మా ఇంటికి చుట్టాలొస్తున్నారు" అన్నాడు తెచ్చినాయన. వెల్డరు బ్రష్షు చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు. "గీకకుండా వెయ్యనండీ. లోపల తింటూనే ఉంటుంది" అన్నాడు. ఆయన విసుక్కుని గేటు వెనక్కి పట్టుకుపోయాడు.

సాయంత్రం అన్నాల దగ్గర అత్తగారు మళ్ళీ మాట ఎత్తింది. టైలరమ్మతో ఒకసారి మాట్లాడి వస్తానంది. అతను కంచం పక్కకి జరిపి, చొక్కా విప్పి, తల్లివైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

"అమ్మా, భుజాల మధ్య చెయ్యి పెట్టు."

"ఏముందిరా?"

"పెట్టు."

అరచేయంత మేర గట్టిగా, నున్నగా తగిలింది ఆవిడ వేళ్ళకి. "ఏంట్రా ఇది, రంగా?"

"గోకు."

గోటితో గోకింది. వెండిరంగు పెచ్చు ఊడి కింద పడింది. దాని వెనకే తుప్పు. బస్తాకి చిల్లు పడితే ఇసుక కారినట్టు కారింది. అతని నడుం మీదుగా నేల మీదికి, ఆవిడ పాదాల మీదికి, కంచాల దాకా వచ్చింది. ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు, అది తనంతట తను ఆగేదాకా.

"ఎప్పటిదిరా ఇది?"

"పెళ్ళికి ముందుది. ఆ ఎనిమిదేళ్ళూ రంగు కిందే ఉంది. తను లోపల సూదులు పొడిపించుకుంటుంటే, నేను బయట బెంచీ మీద కూర్చుని వీపు మీద రంగు ఆరిందో లేదో చూసుకున్నాను."

అత్తగారు కోడలివైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"వీపు రుద్దిన రోజు తెలిసింది."

"నాతో ఎందుకనలేదు? పొద్దున నేను అంత మాట అన్నప్పుడైనా?"

"మీరు దేవుడి దగ్గర మొదట చెప్పే పేరు ఆయనదే కదా అత్తయ్యా. అది చెప్పేటప్పుడు మీ గొంతు వణకకూడదనుకున్నాను."

ఆవిడ లేచింది. చీపురు తెచ్చి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, నేల తనే ఊడ్చుకుంది.

శుక్రవారం పొద్దున్నకి గలీబు తుప్పుతో ఎర్రబడి ఉంది, ఇన్నాళ్ళలో ఎన్నడూ లేనంతగా. కోడలు లేచేసరికే ప్రార్థన మొదలైంది. మొదటి పేరు కోడలిది. తర్వాత అతనిది. ఆ తర్వాత పోయినవాళ్ళు, ఉన్నవాళ్ళు. చివర్లో "ఆ రావలసినవాడు" అనే చోట అత్తగారు ఆగింది. ఆ మాట రాలేదు. చాలాసేపటికి మోకాళ్ళు పట్టుకుని లేచిన చప్పుడైంది.

వంటింట్లో పాలు అప్పటికే పిండి ఉన్నాయి. ఆవిడ గ్లాసు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"ఇది ఆయనది అత్తయ్యా."

"వాడికి ఇంకోటి ఉంది. ముందు నువ్వు తాగు."

ఆమె ఒక గుక్క తాగింది. "చప్పగా ఉంది."

"మరి నేను ఇన్నాళ్ళూ తాగింది ఇదే కదా" అన్నాడు అతను గుమ్మంలోంచి. లోపలికి వచ్చి, గోడకి ఆనుకుని తన గ్లాసు తనూ తాగాడు.

అత్తగారు గలీబు తీసుకుని కుళాయి దగ్గర కూర్చుంది. ఎంత రుద్దినా మరక పూర్తిగా పోలేదు. వెనకవైపు తీగ దగ్గరికి వెళ్ళలేదు. వీధివైపు తీగ దగ్గరికి వెళ్ళి, మరకున్న పక్క బయటికి కనబడేట్టు పరిచి, ఒక క్లిప్పు పెట్టింది.

ఎదురుగా తన కుట్టు షాపు తలుపు తీస్తున్న టైలరమ్మ ఆగి చూసింది. "అయ్యో పిన్నిగారూ, మళ్ళీ పట్టిందా అబ్బాయికి?"

"మళ్ళీ కాదమ్మా. పెళ్ళికి ముందు నుంచీ ఉంది మావాడికి. మా కోడలికి ఏ లోపమూ లేదు. ఎవరైనా అడిగితే చెప్పు."

టైలరమ్మ తాళంచెవి పట్టుకుని నిలబడిపోయింది.

"అడగకపోయినా చెప్పు" అని, ఆవిడ రెండో క్లిప్పు పెట్టింది.