తప్పులుంటే దిద్దండి

నేను ఒక పెన్సిలును. ఎర్ర చారల ఒళ్లు, నెత్తిన రబ్బరు లేని రకం. రాయడం తప్ప చెరపడం నాకు రాదు. నాతో ఒకే డబ్బాలో పుట్టినవాళ్లు బడులకూ బ్యాంకులకూ వెళ్లారు. నా వంతుకు బిస్కెట్లు వచ్చాయి.

రాజమహేంద్రవరం శివార్లలో ఒక బిస్కెట్ ఫ్యాక్టరీ ఉంది. దాని గేటు లోపల, నోటీసు బోర్డు పక్కన మేకుకు నన్ను దారంతో కట్టారు. పొద్దున్నే వెన్న వాసన, మధ్యాహ్నానికి యాలకుల వాసన. అంతకంటే మంచి చోటు ఏ పెన్సిలుకు దొరుకుతుంది?

నాకు ఏడాదికి మూడు రోజులే పని. డిసెంబరులో ఫ్యాక్టరీ కుటుంబ దినోత్సవం జరుపుతుంది. ఎవరింటి నుంచి ఎవరు వస్తున్నారో, వాళ్లు వరసకు ఏమవుతారో టైపు చేసి ముందుగా బోర్డుకు అంటిస్తారు. పైన ‘తప్పులుంటే దిద్దండి’ అని ఉంటుంది. పండుగనాడు వాచ్‌మన్ నూకరాజు మైకు పట్టుకుని, ఆ కాగితం చూసి, వచ్చినవాళ్లను పేరూ వరసా చెప్పి పిలుస్తాడు. ఏడాదంతా ‘ఏమే’, ‘ఇదిగో’ అని పిలుచుకునే మనుషులు ఆ ఒక్కరోజు ఇంటిపేరులో దీర్ఘం తప్పినా ఒప్పుకోరు. నాకదే ముచ్చట.

ప్యాకింగ్ విభాగం పెద్ద కాసులమ్మ గారు మాత్రం నిరుడు నన్ను పట్టుకుని చాలాసేపు నిలబడిపోయారు. పాత జాబితానే మళ్లీ దింపడంతో ఆమె భర్త పేరు అందులో అలాగే ఉంది. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు. చివరికి ఒక గీత గీశారు. అంత పలచని గీత నేను మరెన్నడూ గీయలేదు. కింద పేరు చక్కగా చదవడానికి వచ్చేది.

ఈ ఏడు జాబితా పక్కన ఒక రంగుల నివేదిక కూడా వెలిసింది. హెచ్‌ఆర్ ఆఫీసరు హైమావతి గారు తయారు చేశారు. ఫ్యాక్టరీలో స్త్రీలు ఎందరు, దివ్యాంగులు ఎందరు, వాళ్లలో పై ఉద్యోగాల్లో ఎందరు, అన్నీ ఉన్నాయి. ‘స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగుల కుటుంబాలకూ ఇదే మా ఆహ్వానం’ అని ఉంది. అట్టడుగున ‘వివక్షపై ఫిర్యాదులు: 0’. అన్నిటికంటే ఆ సున్నాయే పెద్దది. పండుగనాడు యజమాని దాన్ని వేదిక మీద చదువుతారు.

ఓవెన్ విభాగం సువర్ణరాజు ఆ నివేదికను నమ్మాడు. ఫారంలో ‘కొండలరావు, జీవిత భాగస్వామి’ అని రాసిచ్చాడు. జాబితాలో ‘తమ్ముడు’ అని వచ్చింది. అతను నన్ను తీసుకుని, కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో దిద్దాడు. మర్నాడు పొద్దుటికి ఆ దిద్దుబాటు లేదు. ఎవరో రబ్బరుతో చెరిపేశారు. మళ్లీ దిద్దాడు.

మూడో రోజు భోజనాల వేళ హైమావతి గారు రబ్బరు పట్టుకుని బోర్డు దగ్గరకు వచ్చారు. వెనక నుంచి కాసులమ్మ గారు దగ్గారు. క్యారేజీలతో వెళ్తున్న జనం ఆగిపోయారు. సువర్ణరాజూ ఉన్నాడు.

“రాజు గారూ, మీ మంచికేనండీ,” అన్నారు హైమావతి గారు. “ఆ నూకరాజు మైకులో అరుస్తాడు. ఎవరైనా ఓ మాటంటే ఇబ్బంది మీకే కదా?”

“పదకొండేళ్ల నుంచి పెళ్లిళ్లకీ, ఆసుపత్రికీ తమ్ముడి వరసలోనే వస్తన్నాడు మేడమ్,” అన్నాడు సువర్ణరాజు. “మీ కాగితం చూసి, ఇక్కడ ఆ అవసరం లేదనుకున్నాను.”

“తమ్ముడంట తమ్ముడు!” కాసులమ్మ గారు అందుకున్నారు. “ఈడు క్యారేజీ మర్చిపోతే కడియం నుంచి సైకిలేసుకుని తెచ్చిస్తాడు ఆ మనిషి. నా తమ్ముడు నా పెళ్లికే భోజనాల టైముకి వచ్చాడు!”

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. “పోయిన మనిషి పేరు కొట్టడానికే నాకు చెయ్యి రాలేదమ్మా. ఉన్న మనిషిని నువ్వెలా చెరిపావు?”

హైమావతి గారు రబ్బరు వైపు చూసుకున్నారు. “పైవాళ్లకి సున్నా చూపించాలి కాసులమ్మ గారూ. గొడవవుతుందేమోనని భయపడ్డాను.”

“మరి ఈపాటికి ఫిర్యాదు ఒకటి అయినట్టేగా? రాయి.”

హైమావతి గారు నన్ను అందుకున్నారు. వేళ్లు చల్లగా ఉన్నాయి. ముందు ‘తమ్ముడు’ కొట్టేసి ‘జీవిత భాగస్వామి’ అని రాశారు. తర్వాత సున్నా కొట్టేసి ఒకటి వేశారు. పక్కనే, ‘నా మీదే. తప్పు దిద్దాను’ అని రాసి సంతకం పెట్టారు. అచ్చయిన ఆ నివేదికలో చేత్తో రాసిన ముక్క అదొక్కటే.

పండుగనాడు నూకరాజు గొంతు సవరించుకున్నాడు. “ఓవెన్ సెక్షను సువర్ణరాజు గారి జీవిత భాగస్వామి, కడియం నర్సరీ కొండలరావు గారు వస్తున్నారండోయ్!” కాసులమ్మ గారు చప్పట్లు మొదలుపెట్టారు. అవి ప్యాకింగ్ విభాగమంతా పాకాయి. కొండలరావు రెండు చేతుల్లోనూ చామంతి కుండీలు. వచ్చినవాళ్లకిచ్చే బిస్కెట్ పొట్లం పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నూకరాజు దాన్ని పువ్వుల మీదే పెట్టేశాడు. సువర్ణరాజు ముఖం ఓవెన్ ముందు నిలబడ్డప్పటికంటే ఎర్రగా ఉంది.

వేదిక మీద యజమాని ‘ఫిర్యాదులు ఒకటి’ అని తడబడుతూ చదివారు. ఆ రోజు నివేదికలో చప్పట్లు పడింది ఆ ఒక్క అంకెకే.

అప్పటికి నేను బొటనవేలంత మిగిలాను. మేకుకు కొత్త పెన్సిలు వచ్చింది. హైమావతి గారు నన్ను సువర్ణరాజు జేబులో వేశారు. ఇప్పుడు కడియంలో, కొండలరావు చెవి మీద ఉంటున్నాను. మొక్కల చీటీల మీద పేర్లు రాయడం నా పని.

మొన్న కాసులమ్మ గారు వచ్చి ఒక మామిడి అంటు కొన్నారు. కొండలరావు చీటీ మీద రకం రాయబోతే ఆపి, నన్ను తీసుకున్నారు. ‘సింహాద్రి’ అని రాశారు. నిరుడు ఆమె కొట్టేసిన పేరు అదే. ఈసారి గట్టిగా నొక్కారు. నా మొన కాస్త విరిగింది కూడా.

“వానకి పోదు కదా?” అని అడిగారు.

“పెన్సిలు పోదమ్మా. సిరా అయితేనే కారిపోద్ది,” అన్నాడు కొండలరావు.

ఆమె అంటును ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కారు. కొండలరావు నన్ను బ్లేడుతో చెక్కి, మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.