వనజాక్షి పీల్చే గాలి

మైపాడు దగ్గర రొయ్యపిల్లల హేచరీకి సముద్రంలోంచి నీళ్లు లాగే గొట్టం ఒకటి ఉంది. దాని మూతి జాలికి పట్టిన గుల్లలు గీకడం వనజాక్షి పని. రోజూ పొద్దున ఏడింటికి వీపుకు సిలిండరు కట్టుకుని దిగుతుంది. కొత్తవాళ్లకు నేర్పేదీ ఆమే. ఊపిరి బిగబడితే గాలి మిగులుతుందనుకోవడం, తాతల నాటి నుంచీ ఉత్త ముక్కుతో మునకలేసిన ఆ ఊరివాళ్ల పొరపాటు.

"బిగబట్టబాకండి. నిదానంగా పీల్చి, ఇంకా నిదానంగా వదలండి. చేతులు ఆడించబాకండి, కాళ్లు చాలు," అంటుంది.

అలా చేస్తే ఎవరికైనా పది నిమిషాలు కలిసొస్తాయి. ఆమె సిలిండరు మాత్రం గంటన్నరైనా నిండుగానే ఉంటుంది. నీళ్ల కింద ఆమె ఎవరిని తలుచుకుంటే వాళ్ల ఊపిరి వాడుకుంటుంది మరి. ఈ సంగతి తెలిసినవాళ్లు ఆమెతో పేచీ వస్తే ఏడు కొట్టకముందే రాజీకొస్తారు.

ఏడాదిగా ఆమె తలుచుకునేది సూపర్‌వైజరు కిషోర్ బాబునే. నిండిన సిలిండరు మీద సుద్దగీత గీసేది అతనే. ఆ గీతను నమ్మి దిగిన ఆమె మొగుడు చిన్నపోలయ్య పైకి రాలేదు. సిలిండరులో ఉన్నది సగం గాలి. కిషోర్ బాబు కాగితాల్లో రాసింది మాత్రం, 'గాలి పొదుపు చేతకాక మరణించాడు' అని. పన్నెండేళ్లు దిగిన మనిషికి చేతకాదట. చావు ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

అందుకే ఏడయితే చాలు, కిషోర్ బాబు కుర్చీలో కూలబడి గట్టున పడ్డ చేపలా నోరు తెరుస్తాడు. నెల్లూరు డాక్టర్లకు ఏమీ దొరకలేదు. ఆమె ప్రాణం పోయేదాకా లాగదు. చచ్చినవాడు నిజం చెప్పడు కదా.

ఒక సోమవారం అతను ముందుగానే వచ్చి, దిగడానికి సిద్ధమవుతున్న డైవర్ల ముందు ఇసుకలో కూర్చున్నాడు.

"వనజక్కా, ఇంక నా వల్ల కాదు. ఏం చేయమంటావో చెప్పు."

"నువ్వు రాసింది నీ నోటితోనే దిద్దు. అందరూ ఉండారు."

కిషోర్ బాబు తల వంచుకున్నాడు. "పోలయ్య తప్పేం లేదు. కరెంటు పోయి సగమే పట్టింది. తెలిసే గీత గీసినా."

"వెనకవాళ్లకు వినపడలా."

మళ్లీ చెప్పాడు. తోటి డైవరు ఎలిశబెతు ఈసారి ఫోనులో పట్టింది.

"ఇంక వదిలేస్తావా అక్కా?" అన్నాడు కిషోర్ బాబు.

వనజాక్షి నీళ్లలో పెట్టుకునే కళ్లద్దాలకు మసక పట్టకుండా ఉమ్మి, రుద్ది కడిగింది. "సగమే పట్టిందని పైన ఎవురికీ చెప్పలేదా నువ్వు?"

"చెప్పినా. రొయ్యపిల్లలకు నీళ్లు ఆగకూడదు, దించేయమన్నారు ఓనరు గారు."

"అట్నా," అని ఆమె నీళ్లలోకి దిగింది.

ఏడు దాటినా కిషోర్ బాబుకు ఆయాసం రాలేదు. మేడ మీద ఆఫీసులో ఓనరు గారు టీ కప్పు కింద పెట్టి, కిటికీలు తెరవమని కేక వేయబోయారు. కేక రాలేదు.